ఆమె గీసిన పులి

పోయిన నెల కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో పుస్తకాల ప్రదర్శన పెట్టారు. పదో తరగతి పిల్లలకు పనికొచ్చే వ్యాసాల పుస్తకాలేమైనా దొరుకుతాయేమోనని వెళ్ళాను. ఒక మూల బల్ల మీద నల్ల అట్టల లావుపాటి పుస్తకాలు కనిపించాయి. ప్లాస్టిక్ కాగితం చుట్టి, పిల్లల చేతికి అందకుండా వెనక వరసలో పెట్టారు. ఒకదాని అట్ట మీద అడవి, ఆ అడవిలో చేతులు పట్టుకుని నడుస్తున్న ఇద్దరు పిల్లలు. అమ్మే అమ్మాయి దగ్గరికి వచ్చి, అవన్నీ చిన్నప్పుడు అందరూ విన్న కథలేనని, కాకపోతే పెద్దవాళ్ళ కోసం మళ్ళీ చెప్పిన బొమ్మల నవలలని, చదివితే ఒళ్ళు జలదరిస్తుందని చెప్పింది. బయటి దేశాల్లో వీటికి మంచి గిరాకీ ఉందట. తెలుగులో ఇలాంటి పని ఎవరూ చేయలేదంది.

చేశారమ్మా అనబోయి ఊరుకున్నాను. ఎవరు చేశారని అడిగితే ఏం చెప్పను? ఎల్లారెడ్డిలో ఒక రేకుల గదిలో చాప మీద కూర్చుని ఒక డ్రాయింగ్ టీచర్ చేసిందంటే ఆ అమ్మాయికి ఏం అర్థమవుతుంది? ఆమె పోయి రెండేళ్ళు దాటింది. తన పుస్తకాల మీద ఆమె ఏనాడూ పేరు వేసుకోలేదు. వేయమని నేను పోరితే, కథ తాను పుట్టించింది కాదని, విన్నది మాత్రమేనని, విన్నవాళ్ళ పేర్లన్నీ వేయాలంటే అట్ట చాలదని అనేది. అందుకే నేనూ ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు.

నేను మొదట చూసింది ఆమెను కాదు, ఆమె వేసిన బొమ్మను. ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పడానికి కొత్తగా చేరిన రోజులవి. ఏడో తరగతిలో నా పీరియడ్‌కు ముందు డ్రాయింగ్ పీరియడ్. నేను వెళ్ళేసరికి బోర్డంతా సుద్దతో తెల్లగా రుద్ది ఉంది. ఆ తెలుపును వేలి కొనతో అక్కడక్కడా చెరిపి చెట్లు చేశారు. అంటే చెట్ల నలుపంతా బోర్డు నలుపే. తుడుద్దామని డస్టర్ తీశాను. ముందు బెంచీలో కూర్చున్న ఒక పిల్ల, "తుడ్వకుండ్రి మేడం, గండ్ల ఎవలో ఉన్నరు" అంది. దగ్గరికి వెళ్ళి చూస్తే నిజంగానే రెండు చెట్ల మధ్య ఒక ఆడమనిషి వీపు కనిపించింది. పైట నడుముకు దోపుకుని ఎటో వెళ్ళిపోతోంది. ఆ పీరియడ్ నేను బోర్డు వాడకుండానే పాఠం చెప్పి వచ్చాను.

స్టాఫ్ రూమ్‌లో ఆమె ఎప్పుడూ గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చునేది. రోడ్డుకు వీపు పెట్టి కూర్చోవడం ఆమెవల్ల అయ్యేది కాదు. ఎవరైనా ఆ కుర్చీలో ముందే కూర్చుంటే నిలబడే ఉండేది గాని వేరే చోటికి పోయేది కాదు. సన్నగా, పొడుగ్గా ఉండేది. కుడి చూపుడువేలు గోరు సిరాతో ఎప్పటికీ నల్లగానే ఉండేది. చీర కొంగులో పచ్చిబియ్యం గింజలు మూటగట్టుకుని, బొమ్మ వేసేటప్పుడు ఒక్కొక్క గింజా నములుతూ ఉండేది. అంగడిలో దొరికే కుంచెలు ఆమెకు నచ్చవు. వేపపుల్ల కొన నమిలి, నార విడదీసి, దానితోనే సిరా అద్దేది. కుంచెతో వేస్తే గీత మాట వింటుందని, పుల్లతో వేస్తే గీతకు కొంచెం తిక్క ఉంటుందని, ఆ తిక్కే తనకు కావాలని చెప్పేది.

నాకంటే ఇరవై ఏళ్ళకు పైగా పెద్దది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె మాత్రం నన్ను మేడం అనేది. నన్ను చెల్లె అనవచ్చు కదక్కా అని ఒకసారి అడిగాను. ఆ మాట తన నోటికి రాదంది. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది గాని మళ్ళీ అడగలేదు. పెళ్ళి సంగతి అడిగితే, "అయింది, అయిపోయింది" అని చాప మీద పడ్డ బియ్యపు గింజ ఏరుకుంది.

మా స్నేహం కుదిరింది ఆమె బొమ్మల కథల వల్ల. ఆమె ఉండే రేకుల గది గోడల పొడవునా డ్రాయింగ్ కాగితాలు తాడుకు గుచ్చి ఆరేసి ఉండేవి. అన్నీ నలుపూ తెలుపే. చిన్నపిల్లలకు అన్నం తినిపిస్తూ చెప్పే కథలనే ఆమె గీసేది. కాని ఆ కథలు ఆమె దగ్గర వేరే దారి పట్టేవి. పొయ్యి దగ్గర బూడిదలో పడుకునే సవతి కూతురి కథ ఉంది కదా, ఆమె బొమ్మల్లో ఆ సవతి తల్లి కూడా పొయ్యికి అవతలి పక్కన బూడిదలోనే పడుకుంటుంది. ఆమె కూడా ఒకప్పుడు ఇంకో ఇంటి సవతి కూతురే. చివర్లో ఆ పిల్ల పల్లకీ ఎక్కి రాజుగారి కోటకు పోతుంది. కోటలో అడుగుపెట్టగానే వంటిల్లు ఎక్కడుందో వెతుక్కుంటూ పోయి తలుపు తీస్తే, పొయ్యి దగ్గర బూడిదలో ఎవరివో పసి పాదాలు. అక్కడితో ఆ పుస్తకం అయిపోతుంది.

ఏళ్ళ తరబడి నిద్రపోయే రాజకుమార్తె కథలో ఊరంతా నిద్రపోతుంది, ఒక్క రాజకుమార్తె తప్ప. ఇంటి చుట్టూ ముళ్ళ కంప పెరుగుతుంటే లోపల ఆమె కళ్ళు తెరుచుకుని, తలగడ కింద కొడవలి పెట్టుకుని, ఆ ముళ్ళను నరుక్కుంటూ వచ్చేది ఎవరా అని చెవులు రిక్కించి వింటూ ఉంటుంది. ఆ పుస్తకంలో చాలా పేజీల్లో ఒక్క మాట కూడా లేదు.

మాటలు రాయడం నా పని. బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర గీసే బుడగలను ఆమె ఖాళీగా వదిలి నాకు ఇచ్చేది. మొదట్లో నేను తెలుగు టీచర్‌లాగే రాశాను. "అమ్మా, నాకు మిక్కిలి ఆకలిగా ఉన్నది" అని రాస్తే ఆమె చదివి, ఆకలైన పిల్లకు అంత ఓపిక యాడిదని అడిగింది. దాన్ని కొట్టేసి "అవ్వా, ఆకలి" అని రాశాను. కాసేపు చూసి బుడగ మీద అరచెయ్యి పెట్టి మూసేసింది. ఇక ఆ మాట కూడా అక్కర్లేదు, పిల్ల కడుపు చూస్తే తెలుస్తోంది అంది. అలా నేను రాసినవాటిలో సగానికి పైగా ఆమె అరచేతి కింద పోయాయి. పిల్లల కథలను ఇంత భయంగా ఎందుకు చేస్తావని నేను అడిగినప్పుడు ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"కథలల్ల అబద్ధం ఉండదు మేడం. మర్యాద ఉంటది. పోరగాండ్లు వింటుండ్రని పెద్దోళ్లు జర మర్యాదగ చెప్తరు. నేను గా మర్యాద తీసేస్తున్న, గంతే."

కామారెడ్డిలో పెళ్ళి పత్రికలూ ఫ్లెక్సీలూ వేసే ఒక ప్రెస్సులో ఆ రెండు పుస్తకాలూ అచ్చు వేయించాం. ప్రెస్ యజమాని మంచివాడే. కాని లగ్గం పత్రికల కోసం వచ్చేవాళ్ళు చూస్తే బాగుండదని, కట్టలను తన మంచం కింద దాచి, మేం వెళ్ళినప్పుడు పాత చీరలో చుట్టి ఇచ్చాడు. ఎల్లారెడ్డిలో ఆమె వాటిని అంగడి రోజున అరుగు మీద పెట్టుకుని కూర్చునేది. పిల్లల పుస్తకమా అని ఎవరైనా అడిగితే, పిల్లలప్పుడు విన్నవాళ్ళది అనేది. దుబాయి నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ కొనేవాళ్ళు. ఒకాయన నిద్రపోని రాజకుమార్తె కథను అక్కడే నిలబడి చివరిదాకా చదివి, పుస్తకం మూసి, మా ఇంటిదానికి చూపిస్తానని తీసుకుపోయాడు. మళ్ళీ అంగడికి ఆయన భార్య వచ్చింది. రెండో పుస్తకం కూడా కొనుక్కుని పోయింది.

మూడోది అడవిలో వదిలేసిన పిల్లల కథ. తిండికి లేక కన్నవాళ్ళే పిల్లలను అడవిలో వదిలి వచ్చే కథ మన దగ్గరా ఉంది, అన్ని దేశాల్లోనూ ఉంది. ఆమె దాన్ని ఏళ్ళ నుంచి గీస్తూనే ఉంది. వేసిన పేజీలను చింపేది, మళ్ళీ వేసేది. ఆ కథలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. పెద్దది మిగులుతుంది, చిన్నదాన్ని పులి ఎత్తుకుపోతుంది. ఆ పులిని చూస్తే నాకు నిజంగానే భయమేసేది. ఒంటి మీద చారలు లేవు, కాళ్ళు సరిగ్గా కనపడవు. చీకటి పడే వేళ చెట్ల నడుమ నుంచి రెండు గుండ్రటి తెల్లటి కళ్ళు, వాటి వెనక పెద్ద నల్లటి ముద్ద. మిగతా జంతువులను అంత బాగా వేసే మనిషి పులి దగ్గర ఎందుకు తడబడుతోందో నాకు అర్థమయ్యేది కాదు. ఆ మాటే అడిగాను.

తాను చూసిన పులి అలాగే ఉందని ఆమె చెప్పింది. తన చెల్లెను పులే ఎత్తుకుపోయిందట. అప్పుడు తనకు ఐదారేళ్ళు, చెల్లె ఇంకా చిన్నది. అవ్వాబాపులతో, అంటే అమ్మానాన్నలతో కలిసి మహారాష్ట్రకు చెరుకు కొట్టడానికి పోతున్నారు. పొద్దుగూకే వేళ. పెద్ద గాండ్రింపు, రెండు కళ్ళ వెలుగు, ముక్కు పగిలిపోయే వాసన. అంతే, చెల్లె లేదు. పులి ఎత్తుకుపోయిందని అవ్వ చెప్పింది. ఊళ్ళో అందరూ అదే అనుకున్నారు. ఆ రోజుల్లో ఎల్లారెడ్డి చుట్టుపక్కల అడవుల్లో పులులు ఉండేవి కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇదంతా ఆమె పుల్లతో చెట్ల ఆకులు దిద్దుతూ చెప్పింది. ఆమె నోటికి చెల్లె అన్న మాట ఎందుకు రాదో నాకు అప్పుడు తెలిసింది.

ఆ పుస్తకంలో ఆమెకు కుదరనిది ఇంకొకటి ఉంది. తల్లి మొహం. ప్రతి పేజీలోనూ తల్లి వీపే కనిపిస్తుంది. నీళ్ళు తోడుతున్నా, మూట కడుతున్నా, పిల్లల చేతులు పట్టుకుని నడుస్తున్నా వీపే. తిప్పి గీయబోతే మొహం దగ్గర చెయ్యి ఆగిపోయేది. ఎవరో ఒకరి మొహం ఎందుకు, మీ అమ్మ మొహమే వేయొచ్చు కదా అని నేను మామూలుగా అన్నాను. ఆమె పుల్లను నీళ్ళలో పెట్టేసింది. ఆ తర్వాత చాలా రోజులు గదిలో కొత్త కాగితం కనిపించలేదు. ఒక ఆదివారం పొద్దున నా ఇంటికి వచ్చి, అవ్వ దగ్గరికి పోతున్నానని, నన్నూ రమ్మని అడిగింది. చంకలో కాగితాల కట్ట ఉంది.

వాళ్ళ ఊరు ఎల్లారెడ్డి దాటి అడవి అంచున చిన్న పల్లె. ఆటో దిగి కొంత దూరం నడవాలి. తల్లి చిన్న కొడుకు దగ్గర ఉంటోంది. మేం వెళ్ళేసరికి ముసలామె వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. చూపు బాగానే ఉంది, చెవులూ పనిచేస్తున్నాయి. కూతురిని చూసి నవ్వలేదు, కూర్చోమని పీట వైపు చెయ్యి చూపించింది. ఇద్దరికీ మాటలు తక్కువని నాకు వెంటనే అర్థమైంది. కోడలు చాయ్ పెట్టి ఇచ్చి పొలానికి పోయింది. మేం ముగ్గురమే మిగిలాం. ఆమె కట్ట విప్పి కాగితాలను తల్లి ఒళ్ళో పెట్టింది.

ముసలామెకు చదువు రాదు. కాని ఆ బొమ్మలు చూసినంత నిదానంగా పుస్తకం చదివే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ప్రతి కాగితాన్నీ వెలుతురుకు తిప్పుకుని, వేలితో గీతల వెంట పోయి, అప్పుడు పక్కన పెట్టేది. పులి బొమ్మ దగ్గర ఆమె వేలు ఆగింది.

"పులికి లైట్లు వెట్టినవ్" అంది.

"అవి కండ్లవ్వా."

"కండ్లు గట్లుండయి. గవి లారీ లైట్లు."

 ముసలామె మరో కాగితం తీసింది. అందులో తల్లి వీపు, నడుముకు దోపిన పైట. చాలాసేపు చూసింది. "గిది నేనే గదా. మొకం ఎందుకు గియ్యలె?" అని అడిగింది.

"నాకు రాలె."

ముసలామె చేటను పక్కకు జరిపి, కొంగుతో చేతులు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. వానలు పడని ఏడాది అది. చెరుకు కొట్టే కూలీలను తీసుకుపోవడానికి, వాళ్ళను కుదిర్చే ముకద్దం లారీ తీసుకొచ్చాడు. ఇంటిల్లిపాదీ ఎక్కారు. దారిలో చిన్నపిల్లకు జ్వరం వచ్చింది. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్ దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది, కళ్ళు తేలేస్తోంది. అక్కడ లారీ ఆగినప్పుడు ముకద్దం చూశాడు. అంతకు ముందు ఏడాది చెరుకు తోటలో ఎవరి పిల్లో చచ్చిపోతే పెద్ద గొడవైందట. జ్వరం పిల్లను తీసుకురానన్నాడు. పిల్లతో ఉంటే మీరంతా దిగిపోండి అన్నాడు. దిగితే తినడానికి ఇంట్లో గింజ లేదు. ఎక్కడికి పోవాలో తెలియదు. తండ్రి తలవంచుకుని కూర్చున్నాడు.

రోడ్డు పక్కన ఒక చాయ్ హోటల్ ఉంది. మొగుడూ పెళ్ళాం నడుపుతున్నారు, పిల్లలు లేరు, మరాఠీ మాట్లాడతారు. హోటలామె అప్పటికే తడిగుడ్డ తెచ్చి పిల్ల నుదుటి మీద వేసింది. తల్లి పిల్లను ఆమె చేతుల్లో పెట్టింది. చెరుకు పని అయిపోగానే వస్తానని సైగలతో చెప్పింది. ఆమె తల ఊపింది. పని అయిపోయి వెనక్కి వచ్చేసరికి హోటల్ మూసి ఉంది. ఎటు పోయారో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ దొరకలేదు. ఊళ్ళో ఏం చెబుతామని తండ్రి భయపడ్డాడు. పులి అని చెప్పారు.

"మరి నాకు పులి అని ఎందుకు చెప్పినవ్?" అని కూతురు అడిగింది. ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది. యాభై దాటిన మనిషి గొంతు కాదది.

ముసలామె కూతురి వైపు తిరిగింది.

"లారీ కదిలింది. నువ్వు చెల్లె కావాలని దునుకవోయినవ్. రెక్క వట్టుకుంటే కొరికినవ్. ఇగో, గీడ. దునికితే నువ్వు గూడ దక్కవు. పులి వచ్చింది బిడ్డా, దాన్ని ఎత్తుకవోయింది, దిగితే నిన్ను గూడ తింటదని చెప్పిన. అప్పుడు ఆగినవ్. నా కడుపుల మొకం వెట్టి ఆగినవ్."

ముంజేయి చాపి చూపించింది. ముడతల్లో మచ్చ ఉందో లేదో నాకు కనపడలేదు. కూతురికి కనిపించినట్టుంది. ఆ చేతిని పట్టుకుని కిందికి దింపింది. తర్వాత ఒకటే అడిగింది. చెల్లె పేరు హోటలామెకు చెప్పావా అని. చెప్పానని, వాళ్ళు ఏ పేరుతో పిలుచుకున్నారో తెలియదని ముసలామె అంది.

ఏడుపులు లేవు. ఆమె సంచిలోంచి కొత్త కాగితం, సిరాబుడ్డి తీసింది. వాకిట్లోని వేపచెట్టు నుంచి పుల్ల విరిచి కొన నమిలింది. ముసలామె కదలకుండా కూర్చుంది. ఎండ చూరు దాటి వాకిలంతా పరుచుకునే వరకు ఆమె తల్లి మొహం గీసింది. ముసలితనాన్ని తీసేస్తూ, ముడతల కింద ఉన్న చిన్న వయసు తల్లిని బయటికి తెస్తూ గీసింది. చూపిస్తే ముసలామె తేరిపార చూసి, అప్పుడు ముక్కుపుడక ఉండేదని చెప్పింది. కూతురు బొమ్మలో ముక్కు మీద ఒక చుక్క పెట్టింది.

 తిరుగు ప్రయాణంలో ఆమె ఆటోలో పచ్చిబియ్యం నములుతూ కూర్చుంది.

ఆ పుస్తకాన్ని మొదటి నుంచి మళ్ళీ వేసింది. నిజం తెలిసింది కదా, పులిని తీసేసి లారీ వెయ్యి అని నేను వాదించాను. ఆమె ఒప్పుకోలేదు. తెరిచిన పుస్తకంలో ఎడమ పేజీ పిల్ల చూసింది, కుడి పేజీ తల్లి చూసింది. ఎడమ పక్క రెండు కళ్ళతో పులి మీదికి వస్తుంది, కుడి పక్క అదే చోట లారీ నిలబడి ఉంటుంది. ఎడమ పక్క పిల్ల తల్లి కడుపులో తల దాచుకుంటుంది, కుడి పక్క ఆ తల్లి మొహం ఉంటుంది. ఆ మొహాన్ని నేను ఎక్కువసేపు చూడలేకపోయేదాన్ని. ఈసారి నన్ను మాటలు రాయమని అడగలేదు. చెల్లె పేరు ఒక్కటే ఒకచోట తన చేత్తో రాసింది. మా బడిలో లెక్కలు చెప్పే సార్‌ది మద్నూర్. ఆయన చేత ఆ పేరును మరాఠీ అక్షరాల్లో కూడా రాయించి దాని కింద పెట్టింది. పెద్దవాళ్ళ కోసం చేసిన భయంకరమైన బొమ్మల కథల్లో నేను చూసిన గొప్పది అదే. అంతకంటే ఎక్కువ చెప్పడం నాకు చేతకాదు.

సెలవుల్లో మేం మద్నూర్ పోవడం మొదలుపెట్టాం. బిచ్కుంద అంగడిలో కూడా కూర్చున్నాం. ఆమె పుస్తకాన్ని ఆ పేరు ఉన్న పేజీ దగ్గర తెరిచి, కాగితం ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టి, పక్కన కూర్చునేది. వచ్చినవాళ్ళు చూసేవాళ్ళు, కొందరు నవ్వేవాళ్ళు, కొందరు పిల్లలను పక్కకు లాక్కుని పోయేవాళ్ళు. ఒక పెద్దావిడ చూసి, ఇలాంటివి గీయకూడదు, ఇంటికి మంచిది కాదు అని తిట్టింది. ఆమె వినయంగా అవునవ్వా అని తల ఊపింది.

ఒకరోజు మద్నూర్‌లో తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన లారీ బొమ్మ దగ్గర ఆగాడు. సగం మరాఠీ, సగం తెలుగు. మాతో వచ్చిన లెక్కల సార్ పక్కనే ఉండి విడమరిచి చెప్పాడు. ఆ రోజుల్లో ఆయన ఆ హోటల్‌కు పాలు పోసేవాడట. హోటలామె అన్నయ్య నాందేడ్ వైపు పిలిపించుకుంటే వాళ్ళు ఉన్నట్టుండి హోటల్ మూసి వెళ్ళిపోయారట. పిల్ల సంగతి అడిగాం. ఉండేదని చెప్పాడు. చాలా రోజులు మంచం మీదే ఉందని, తర్వాత లేచిందని, మొదట తెలుగులో ఏదో గొణిగేదని, పోయేనాటికి మరాఠీ మాట్లాడేదని, చాయ్ గ్లాసులు పట్టుకుని బల్లల మధ్య ఉరుకుతుంటే హోటలామె తిట్టేదని చెప్పాడు. వాళ్ళు ఆ పిల్లను ఏమని పిలిచేవాళ్ళో మాత్రం ఎంత ఆలోచించినా ఆయనకు గుర్తు రాలేదు.

నాందేడ్ కూడా పోయి వచ్చాం. ఇప్పటి పేరు తెలియదు, మొహం తెలియదు. అంత పెద్ద ఊళ్ళో ఎవరిని అడగగలం? ఎదురొచ్చిన నడివయసు ఆడవాళ్ళందరి మొహాల్లోకీ ఆమె చూస్తూ నడిచింది. కొందరు ఏమిటన్నట్టు ఆగేవాళ్ళు. ఆమె దండం పెట్టి ముందుకు పోయేది.

పాలాయన చెప్పిన మాట చేరవేయడానికి మళ్ళీ ఆ పల్లెకు పోయాం. పిల్ల జ్వరంతో పోలేదని, బతికిందని, హోటల్లో గ్లాసులు అందించేదని కూతురు చెప్పింది. ముసలామె నమ్మనట్టు చూసింది. అంత జ్వరంలో కాళ్ళు పడిపోయి ఉంటాయని ఇన్నేళ్ళూ అనుకుందట.

"నడిశిందా?" అని అడిగింది.

"ఉరికిందట అవ్వా" అంది కూతురు.

ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. కొంగు తీస్తే నవ్వుతోంది. ఆమె పక్కన కూర్చుని కూతురు కూడా నవ్వింది. తల్లీకూతుళ్ళు అలా నవ్వడం చూస్తుంటే నాకే ఏదో గుబులేసింది.

ఆ తర్వాత రెండు ఎండాకాలాలు గడిచాయి. నేను పెళ్ళై కామారెడ్డి వచ్చేశాను. ఆమె అప్పుడప్పుడు ఫోన్ చేసేది. మేడం అనడం మాత్రం మానలేదు. ఒక మే నెలలో వాళ్ళ తమ్ముడు ఫోన్ చేశాడు. రేకుల గదిలో కాగితాలు ఆరేస్తూ పడిపోయిందని, ఆసుపత్రికి తీసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందని చెప్పాడు. గుండె ఆగిపోయిందన్నారు. నేను బస్సు పట్టుకుని ఆ పల్లె చేరేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. కుడి చూపుడువేలు గోరు నల్లగానే ఉంది. ఎవరో రుద్ది కడిగినట్టున్నారు, చుట్టూ చర్మం ఎర్రగా ఉంది. ముసలామె తల దగ్గర కూర్చుని ఈగలు వాలకుండా కొంగు విసురుతోంది.

ఎత్తే వేళకు కులపెద్దలు అడ్డుపడ్డారు. ఆడవాళ్ళు పాతిపెట్టే బొంద దాకా రాకూడదన్నారు. కన్నతల్లి, అందులోనూ ఆ వయసులో అసలే రాకూడదన్నారు. కొడుకు కూడా ఇంట్లోనే ఉండమని బతిమాలాడు. ముసలామె కర్ర అందుకుని లేచింది.

"ఒక బిడ్డ యాడికి వోయిందో నాకు ఎర్క లేదు. గీ బిడ్డ యాడికి వోతదో నా కండ్లతోని సూస్త. నడువుండ్రి."

పెద్దలు పక్కకు జరిగారు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అడవి పక్కన రాళ్ళ బాట మీద ఆగి ఆగి నడిచింది. బొంద అంచున కింద కూర్చుంది. కూతురిని దింపడం చూసింది, మొహం మీద గుడ్డ కప్పడం చూసింది, మట్టి పోయడం చూసింది. చివరి పార మట్టి పడేదాకా రెప్ప వేసిందో లేదో నాకు తెలియదు.

అందరూ తిరుగుముఖం పట్టారు. అలా తిరిగొచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదని మా దగ్గర పట్టింపు. మగవాళ్ళు తలలు వంచుకుని ముందు నడుస్తున్నారు. ముసలామె కొంచెం దూరం నడిచి ఆగి, కర్ర మీద బరువు వేసి వెనక్కి తిరిగింది. కొడుకు చూసి, "ఎన్కకు సూడొద్దే అవ్వా" అన్నాడు.

"సూస్త" అంది.

మళ్ళీ నడిచింది, మళ్ళీ తిరిగి చూసింది. బాట మలుపు తిరిగి ఆ పచ్చి మట్టి కుప్ప కనపడకుండా పోయేదాకా చూస్తూనే వచ్చింది.